పజుండౌంగ్‌లో నూటికి ఇరవై నాలుగు

నా పేరు జూలియట్. పుట్టుకతోనే చూపు లేదు. ఈ రెండో మాట చెవిన పడగానే ఎదుటివాళ్ల గొంతు మెత్తబడిపోతుంది. ఆ మెత్తటి గొంతు వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే మూడేళ్ల కిందట యాంగోన్‌లోని చౌక్తడా పేటలో ఈ ఆఫీసులో చేరినప్పుడు మా డైరెక్టరు డో సాన్ యీ దగ్గర ఒకే ఒక్క షరతు పెట్టాను. జీతం ఊసు ఎత్తలేదు. "నా పని మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. తప్పు చేస్తే మొహం మీదే చెప్పండి. తిట్టండి. నేనే దిద్దుకుంటాను" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "అలాగే, మ జూలియట్" అంది. బర్మాలో ఆడవాళ్ల పేరు ముందు 'మ' తగిలించి పిలవడం మర్యాద. పెద్దావిడైతే 'డో'.

మా ఆఫీసు పని పిల్లల బరువుల లెక్కలు చూడడం. ఊళ్లోని క్లినిక్‌ల నుంచి ఐదేళ్లలోపు పిల్లల బరువులు వస్తాయి. ఏ పేటలో నూటికి ఎంతమంది బరువు తక్కువగా ఉన్నారో లెక్కగట్టి రిపోర్టు ఇస్తే, నూటికి ఇరవై దాటిన పేటలో దాతలు గంజి కేంద్రం పెడతారు. రోజూ పొద్దున్నే పిల్లలకు పప్పు, గుడ్డు వేసిన గంజి పోస్తారు. ఆ లెక్కలు కట్టేవాళ్లం ఇద్దరం, నేనూ హరీ.

లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ చేసిన మహానుభావులకు లోకంలో కళ్లు లేనివాళ్లు ఉంటారన్న సంగతి తట్టినట్టు లేదు. తెర మీదున్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నా కంప్యూటర్లో ఉంది. అది ఆ సాఫ్ట్‌వేర్ కిటికీలోకి వెళ్లగానే "బటన్, బటన్, బటన్" అని వల్లించి నోరు మూసుకునేది. ఏ బటనో ఏమిటో చెప్పేది కాదు. ఇక గ్రాఫు సంగతైతే ఒకే ముక్క, "బొమ్మ". ఏం బొమ్మే అంటే మళ్లీ "బొమ్మ".

నేను ఆ కిటికీ జోలికి పోవడం మానేసి, ఆదేశాలు టైపు చేసుకునే ఉత్త తెర మీదే పని చేయడం నేర్చుకున్నాను. గ్రాఫును మాటల్లో చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటి, ఏదో దేశంలో నాలాగే చూపులేని ఒక పంతులుగారు రాసి అందరికీ ఉచితంగా పెట్టారు. దాన్ని తెచ్చుకుని, మన పేటల పేర్లు బర్మా భాషలో పలికేలా కుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్లీ కుట్టుకుంటూ నా ఒంటికి సరిపోయేలా చేసుకున్నాను. అది మొదటిసారి నోరు విప్పి "ఆరు కడ్డీలు. మొదటిది సంచౌంగ్, నూటికి పదకొండు. రెండోది చౌక్తడా..." అని చెబుతుంటే కుర్చీలోనే ఏడ్చేశాను. నేను గీసిన బొమ్మను నేనే విన్నాను, ఎవరినీ అడగకుండా. ఆ రోజు ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాను.

అప్పటి నుంచీ నా గ్రాఫు లేని రిపోర్టు లేదు. పంపిన ప్రతిసారీ ఒకటే మాట, "చాలా బాగుంది, మ జూలియట్." మూడేళ్లలో ఒక్క తిట్టు కూడా పడలేదంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. గర్వం వచ్చింది.

హరిది కూడా మా పేటే, పజుండౌంగ్. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చాడు. మావాళ్లు బాప్టిస్టులు, వాళ్లు హిందువులు. నన్ను అక్కా అనేవాడు. సగం తెలుగు, సగం బర్మా మాట్లాడేవాడు. ఈ మధ్య వాడికి సైన్యంలోకి రమ్మని వార్డు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇక్కడ ఆ కబురు వచ్చిన మగపిల్లలకు రెండే దారులు. వాడు రెండోది పట్టుకున్నాడు. శుక్రవారం నాతో టీ తాగాడు. సోమవారానికి నది దాటి థాయ్‌లాండ్‌లో ఉన్నాడు.

ఆ నెల రిపోర్టు నేనొక్కదాన్నే చేయాల్సి వచ్చింది. భయమేమీ వేయలేదు, ఎప్పుడూ చేసేదేగా అనుకున్నాను. పజుండౌంగ్ బరువులను స్క్రీన్ రీడర్ గడగడా చదువుతుంటే వింటూ కూర్చున్నాను. ఒకచోట చెవి ఆగింది. ఈ అంకెల వరస ఇందాక విన్నదే. పాటలో చరణం మళ్లీ వచ్చినట్టు వచ్చింది. వెనక్కి వెళ్లి విన్నాను, నిజమే. మెయిన్ రోడ్డు మీది క్లినిక్ కాగితాలు రెండుసార్లు ఎక్కాయి. ఆ క్లినిక్‌కి వచ్చేవాళ్లు కాస్త ఉన్నవాళ్లు, పిల్లలు బొద్దుగా ఉంటారు. వాళ్లను రెండుసార్లు లెక్కేస్తే పేట మొత్తం బొద్దుగా కనిపిస్తుంది. అలా చూస్తే పజుండౌంగ్‌లో నూటికి పదిహేడు. రెండోసారి ఎక్కినవి తీసేస్తే ఇరవై నాలుగు. అంటే మా పేటకు గంజి కేంద్రం రావాలి. కాలవ ఒడ్డున రేకుల ఇళ్లలో పెరిగే పిల్లల ఏడుపు నేను రోజూ వింటాను. ఆకలి ఏడుపుకీ మారాం ఏడుపుకీ తేడా నాకు తెలుసు.

గ్రాఫు గీసి, విని, పంపాను. మీటింగులో గోడ మీద వేశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మెచ్చుకోలుగా చూస్తున్నారనుకున్నాను. తర్వాత డో సాన్ యీ "చాలా బాగుంది, మ జూలియట్" అంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే అన్నారు. ఇది తొలి చిత్తే, అసలు రిపోర్టు రెండు వారాల్లో అచ్చుకెళుతుందని చెప్పారు. నేను ఒక కాపీ ప్రింటు తీయించుకుని ఇంటికి పట్టుకుపోయాను.

ఇంట్లో నేనూ మా పిన్ని ఎస్తేరు రాణీ. మా అమ్మ పోయాక నన్ను పెంచిందీ తిట్టిందీ ఆవిడే. బజారులో గారెలు వేసి అమ్ముతుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆవిడ చేతిలో ఆ కాగితం పెట్టాను.

"పిన్నీ, హరి లేకుండా నానొక్కదాన్నే సేసిన రిపోర్టు. మన పజుండౌంగ్ పేరు ఎక్కడుందో సూపించు. నా ఏలు పట్టుకుని దాని మీద ఎట్టు."

కాగితం అటూ ఇటూ తిప్పిన చప్పుడైంది.

"ఏ పేరే? ఇక్కడ పేర్లు నేవు."

"కడ్డీల కింద సూడు."

"సూత్తన్నానే. కడ్డీలున్నాయి. కిందంతా పెట్టెలు. సిన్న సిన్న కాళీ పెట్టెలు, వరసగా. ఏటివి? ఇది సేసినందుకా నీకు జీతం ఇత్తన్నారు?"

కిందే కూర్చుండిపోయాను.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. బొమ్మలో వేయడానికి నా కంప్యూటర్లో బర్మా లిపి ఫాంటు సరైనది లేదు. లేనప్పుడు అక్షరానికో ఖాళీ పెట్టె గీసి ఊరుకుంటుంది. మరి నా ప్రోగ్రాము పేర్లన్నీ చక్కగా చదివిందేం? అది బొమ్మను చూసి చదవదు. నేనిచ్చిన ఆదేశాన్ని చూసి చదువుతుంది. నేను ఏ కూర వడ్డించమన్నానో దానికి తెలుసు, కంచంలో ఏం పడిందో తెలియదు. మూడేళ్లుగా నా మాటే నాకు తిప్పి చెబుతుంటే, అది నా పని అనుకుని మురిసిపోయాను.

పిన్ని పొరబడిందేమోనన్న ఆశ ఇంకా చావలేదు. బొమ్మను చూసి చెప్పే యాప్ ఒకటి ఫోన్లో ఉంది. ఇక్కడ అది మామూలుగా తెరుచుకోదు, దొంగదారిన తెరవాలి. తెరిచి, కాగితాన్ని ఫొటో తీశాను. చాలాసేపు నానబెట్టి, "ఇది బర్మా భాషలో ప్రాంతాల పేర్లున్న కడ్డీ గ్రాఫు. స్పష్టంగా, అందంగా ఉంది" అంది. పిన్ని ఫక్కున నవ్వింది. "దానికీ కళ్లు నేవే" అంది. నాకు నవ్వు రాలేదు.

హరికి ఫోన్ చేశాను. వాడు అక్కడ కోళ్ల షెడ్డులో పనికి కుదిరాడు. వెనక నుంచి కోళ్ల గోల.

"హరీ, నా గ్రాఫుల్లో పేర్లు వచ్చేవా? నిజం సెప్పు."

"ఎవులు సెప్పీసినారక్కా?" అన్నాడు.

"అంటే?"

"మొదటి నుంచీ పెట్టెలే వచ్చీవి. నాను మల్లీ గీసి ఎట్టీవోణ్ని."

"మూడేళ్లూ?"

"మూడేళ్లూ."

"ఒక్కసారి సెప్పుంటే ఒక పూటలో దిద్దుకుందునురా! సెప్పడానికి నీకేటి రోగం?"

"మొదటి రోజు నువ్వు ఏడిసినావు. అందరికీ టీ ఇప్పించినావు. ఎలగ సెప్పమంటావు? ఆనాదె, అక్కా. డో సాన్ యీకి కూడా ఆనాదె. ఆఫీసులో అందరికీ తెలుసు."

బర్మా వాళ్లలో ఆనాదె అంటే, నిజం చెబితే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని నోరు కట్టేసుకోవడం. ఇక్కడ అది గొప్ప గుణం. దానికి తగ్గట్టు మసలుకోలేనివాళ్లను మోటుమనుషులంటారు. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి పెరుగుతున్నా మా పిన్నికి అది అంటలేదు. హరికి బాగానే అంటింది. తప్పు చేస్తే తిట్టమని నేను పెట్టిన షరతు వాళ్ల చెవులకు ఎలా వినపడి ఉంటుంది? ఈ పిల్ల లోపల ఎంత బాధ పడుతోందో పాపం, అన్నట్టు వినపడి ఉంటుంది.

"లెక్కలు మాత్రం నీవేనక్కా. ఒక్క అంకె నాను ముట్టుకోనేదు, ఒట్టు. బొమ్మ ఒక్కటే" అన్నాడు హరి. ఏడుస్తున్నాడని తెలిసింది. తిట్టాల్సిన తిట్లన్నీ నాలుక మీదే ఉండిపోయాయి. ఎక్కడో కోళ్ల మధ్య దాక్కున్నవాణ్ని ఏమని తిడతాను? అంకెలు నావే, అదొక్కటి మిగిలింది. దాన్నే పట్టుకున్నాను.

బొమ్మ కూడా నాదే కావాలని పంతం పట్టాను. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చాను. కరెంటు ఉన్నప్పుడల్లా ఒక్కో ఫాంటు పెట్టి చూడటం, పిన్నిని పిలవడం. పిండి చేతులతోనే వచ్చి తెర ముందు నిలబడేది.

"పెట్టెలు పోనాయి. అచ్చరాలు ఒకదాని మీదొకటి పడిపోనాయి. తాగినోడి రాతలాగుంది."

మార్చేదాన్ని.

"ఇప్పుడు సగం సగం వచ్చినాయి. గుడులూ కొమ్ములూ ఎగిరిపోనాయి."

మళ్లీ మార్చేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా బాగుందనలేదు. ఆ వారం నేను ఎంత సుఖంగా ఉన్నానో చెప్పలేను. నా పని చూసి ఒక మనిషి ఛీ అంటోంది, నేను దిద్దుకుంటున్నాను. నేను అడిగిందల్లా ఇదేగా!

చివరికొకనాడు ఆవిడ పిండి చేతులు తుడుచుకుంది. తర్వాత నా వేలు పట్టుకుని తెర మీద పెట్టింది. "ఇది సంచౌంగ్. ఇది చౌక్తడా. ఇదిగో, ఇది మన పజుండౌంగ్. ఇరవై నాలుగు. సుబ్బరంగా ఉంది. ఇంక నన్ను పిలవకు, నా గారెలు మాడిపోతన్నాయి" అంది.

పంపే ముందు నా ప్రోగ్రాములో ఒక్క వాక్యం చేర్చాను. గ్రాఫు చదివాక చివర్లో అది ఇకనుంచి "ఇది నువ్వు చెప్పమన్నది మాత్రమే. కాగితం మీద ఏముందో నాకు తెలియదు" అంటుంది. అంతకన్నా చేయగలిగిందేమీ నాకు తోచలేదు.

అచ్చుకు వెళ్లే రోజుకు ముందే రిపోర్టు పంపి, డో సాన్ యీ గదిలోకి వెళ్లాను. మా ఇద్దరి మధ్య మాటలు బర్మాలోనే.

"చాలా బాగుంది, మ జూలియట్."

"పేర్లు కనిపిస్తున్నాయా?"

"అన్నీ చక్కగా ఉన్నాయి."

"మీటింగులో వేసినదాంట్లో కనిపించాయా?"

"అదీ బాగుంది" అందావిడ, అదే గొంతుతో. ఆ గొంతులో వెంట్రుక వాసి కూడా తేడా లేదు. పజుండౌంగ్ కాగితాలు రెండుసార్లు ఎక్కిన సంగతి విడమరిచి చెప్పాను. ఊ కొట్టింది. ఎంత ఓపికో నీకు అంది. సరేలే, పని సరిగ్గా ఉంది, వెళ్లాల్సింది వెళ్లింది అని సర్దిచెప్పుకుని బయటికి వచ్చాను.

రిపోర్టు అచ్చయి వచ్చిన రోజు ఆఫీసులో కేకు కోశారు. నున్నటి కాగితం, మంచి అచ్చువాసన. ఇంటికి తెచ్చి పిన్నికిచ్చాను.

"ఇది నువ్వు గీసింది కాదే" అంది.

"సరిగ్గా సూడు పిన్నీ."

"నీది కడ్డీలు. ఇది గుండ్రంగా ఉంది, రంగురంగులు. పేర్లు మా బాగా వచ్చినాయి. కింద నీ పేరు కూడా ఏసినారు."

"పజుండౌంగ్ ఎంత?"

"పదిహేడు."

"ఇంకోసారి సదువు."

"పదిహేడే. ఒకటి, ఏడు. నాకు అంకెలు రావనుకున్నావేటి?"

హరి ఉన్నన్నాళ్లూ బొమ్మ పోయినా అంకె నాదే ఉండేది. ఇప్పుడు ఎవరో మొదటి నుంచీ మళ్లీ కట్టారు. నేను తీసేసిన కాగితాలను తిరిగి కలిపారు. ఆ తప్పు కింద నా పేరు పెట్టారు. పిన్ని ఇంకేదో అంటోంది. నాకు వినపడలేదు.

మర్నాడు బస్సు దిగి తిన్నగా డో సాన్ యీ గదిలోకి వెళ్లాను. "ఈ లెక్క ఎవరు కట్టారు?" అన్నాను. ఆవిడ కుర్చీ జరుపుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంకో ఆఫీసులో తనకో స్నేహితురాలు ఉందట. నా తొలి చిత్తు చూశాక, నన్ను ఇబ్బంది పెట్టడమెందుకని క్లినిక్‌ల అంకెలన్నీ ఆవిడకు పంపిందట. పాపం, ఆవిడ డబ్బులు కూడా పుచ్చుకోకుండా సెలవు రోజున కూర్చుని చేసిపెట్టిందట. ఇకమీదట ప్రతి రిపోర్టూ చేస్తానందట. "నీ ఉద్యోగానికేమీ భయం లేదు. నువ్వు ఉండాలి. నిన్ను చూస్తే మాకందరికీ మనసు నిండుగా ఉంటుంది" అంది.

"నేను పంపింది మీరు తెరిచారా?"

"నువ్వు ఎంత కష్టపడ్డావో మాకు తెలుసు."

"తెరిచారా లేదా?"

ఆవిడ నా భుజం నిమిరింది.

"పదిహేడు తప్పు. ఇరవై నాలుగు. ఒకే క్లినిక్ రెండుసార్లు ఎక్కిందని మీకు చెప్పాను. దాతలకు ఇప్పుడైనా చెప్పండి. గంజి కేంద్రం పజుండౌంగ్‌కి రావాలి."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. "ఆ పేటల ఎంపిక నిన్ననే అయిపోయింది, మ జూలియట్. తిరిగి వెళ్లి అడిగితే నా స్నేహితురాలు ఎంత చిన్నబుచ్చుకుంటుందో చెప్పు. నాకు ఆనాదె" అంది. అది నటన కాదు. ఆవిడ చెడ్డదైతే నేను బతికిపోయేదాన్ని, కనీసం పోట్లాడటానికి ఒక మనిషి దొరికేది.

బయటికి వచ్చాను. కర్ర పట్టుకుని మొదటి బల్ల దగ్గరకు వెళ్లి, "రిపోర్టులో పదిహేడని ఉంది, అది తప్పు. పజుండౌంగ్‌లో నూటికి ఇరవై నాలుగు" అన్నాను. తర్వాతి బల్ల దగ్గర అదే చెప్పాను. ఆ తర్వాతి బల్ల దగ్గరా చెప్పాను. గొంతు పెద్దదైపోయినట్టుంది, టైపు చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ఎవరూ కాదనలేదు. ఎవరూ అడ్డుపడలేదు. ఎవరో మెల్లగా నా మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో వేడి టీ తెచ్చి, కాలకుండా చూసుకోమని చేతిలో పెట్టారు. చాలా బాగా చేశావు, మ జూలియట్, అని అందరూ అన్నారు.